పిల్లల కానుకలు - పెద్దల సాయము

తల్లి పుట్టినరోజో, తండ్రి షష్టిపూర్తియో, ఇటీవల మన పట్టణములకు అలవాటైన మాతృదినోత్సవమో సమీపించిన యింట, పసివారు తామును ఏదో యొకటి ఇచ్చితీరవలెనని పట్టుపట్టినప్పుడు, చూచుటకు చిన్నదియే యైనను తేలికగా తెగని చిక్కు ఒకటి పెద్దలకు ఎదురగును. ఆ వస్తువును ఎన్నుకొనుటలో బిడ్డకు ఎంత సాయము చేయవలెను? సాయము బొత్తిగా లేనిచో తల్లికి బొమ్మకారును, తండ్రికి రంగుల రిబ్బనును ముట్టును. సాయము మితిమీరినచో వచ్చిన వస్తువు సలక్షణముగానే యుండును గాని, అది బిడ్డ ఇచ్చిన కానుక కాక, బిడ్డ చేతిమీదుగా నడచిన పెద్దల కొనుగోలుగా మాత్రమే మిగులును. ఈ రెండు కొసలకు నడుమ ఎచ్చట నిలువవలెనను విషయమున పురాణకర్తలును, కథకులును, మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును, అర్థశాస్త్రవేత్తలును, బడిపంతుళ్లును తమతమ మార్గముల ఎన్నియో సంగతులు చెప్పియున్నారు. వానిని ఒకచోట చేర్చి, ఏది నిలుచునో ఏది నిలువదో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

లోకమున వినవచ్చు అభిప్రాయములు ముఖ్యముగా మూడు. కానుక పుచ్చుకొనువారికి ఉపయోగపడవలెను గనుక, లోకజ్ఞానము లేని బిడ్డకు బదులు పెద్దలే ఎన్నుకొని బిడ్డచేత ఇప్పించుట మేలనునది మొదటి పక్షము. విలువ భావమునందే గాని వస్తువునందు లేదు గనుక, బిడ్డ ఏది తెచ్చినను అట్లే స్వీకరింపవలెననియు, నడుమ పెద్దలు నోరు మెదపుట సైతము కూడదనియు రెండవ పక్షము. బిడ్డచేతి డబ్బు కడకు తల్లిదండ్రుల డబ్బే గనుక, ఈ తతంగమంతయు ఒక జేబులోనిది మరియొక జేబులోనికి మార్చుటయే యనియు, బుగ్గపై ఒక ముద్దు చాలుననియు మూడవ పక్షము. మూడింటను కొంత సత్యము కలదు. కాని మూడును సాయమును విడదీయరాని ఒక్క ముద్దగా భావించి, అది ఎక్కువగా నుండవలెనా తక్కువగా నుండవలెనా యని మాత్రమే వాదించుచున్నవి. కానుక యిచ్చుటలోని ఏ యంగమునకు సాయము తగును, ఏ యంగమునకు తగదు అని విడదీసి చూచుట లేదు.

విడదీసి చూచినచో కానుకకు నాలుగు అంగములు కనబడును: ఎదుటివారికి ఏది ఇష్టమో, ఏది కొరతయో కనిపెట్టుట, కనిపెట్టినదానిని బట్టి పెక్కు వస్తువులలో ఒకదానిని ఎన్నుకొనుట, దానికి డబ్బునో శ్రమనో సమకూర్చుట, సమయము వచ్చువరకు గుట్టుగా దాచి, చేతికందించుట. వీనిలో డబ్బు బిడ్డది కాదు. అంగడి త్రోవ బిడ్డకు తెలియదు. గుట్టు దాచుట వయస్సును బట్టి గాని రాదు. ఇక బిడ్డ తనదని చెప్పుకొనదగినది ఎన్నిక యొక్కటియే. ఆ యొక్కదానిని కూడ పెద్దలు తీసికొన్నచో, కానుకయందు బిడ్డకు దక్కునది పేరు మాత్రమే. కావున ఈ సమీక్షలో నేను నిలుపదలచిన వాదము ఇది: సాయము ఎన్నికకు ముందు ఎంతయైనను ఉండవచ్చును, ఎన్నిక జరిగిన పిదప కూడ ఉండవచ్చును, ఎన్నికలో మాత్రము ఉండరాదు.

మన వాఙ్మయమున తల్లిదండ్రులకు బిడ్డలిచ్చిన కానుకలను వెదకుచో, మహాభారతమందలి ఆదిపర్వ మొక్కటియే మూడు విభిన్న మార్గములను చూపును. కద్రువతోడి పందెమున ఓడి దాస్యము పాలైన వినతకు గరుత్మంతుడు తెచ్చినది స్వాతంత్ర్యము. ఏమి తెచ్చినచో దాస్యము తొలగునో అతడు ఊహించి చెప్పుకొనలేదు. సర్పములనే అడిగి, అమృతమని తెలిసికొనెను. ప్రయాణమునకు ముందు ఆకలి తీరు త్రోవను తల్లి చెప్పెను. తినదగనివాడైన బ్రాహ్మణుని గుర్తించు విధమును ఆమెయే బోధించెను. అదియు చాలనప్పుడు, ఒండొంటితో పోరాడు ఏనుగును తాబేటిని తండ్రియైన కశ్యపుడు చూపెను. శంతనుని విచారమును చూచిన దేవవ్రతుడు మొదట తండ్రినే అడిగెను. తండ్రి సూటిగా చెప్పలేక, ఒక్క కొడుకు గలవాని భయములను గూర్చి మాటలాడి తప్పించుకొనెను. అప్పుడా కుమారుడు వృద్ధమంత్రి వలన నిజము గ్రహించి, దాశరాజు కడకు పోయి, రాజ్యమునే కాక సంసారసుఖమును సైతము విడిచిపెట్టెను. యయాతి కథలో తండ్రియే నోరు విడిచి యౌవనమును కోరెను. నలువురు కుమారులు కాదనిరి, పూరుడు ఇచ్చెను. మూడు కథలయందును ఎరుక ఇతరుల వలన వచ్చినది. నిశ్చయము మాత్రము బిడ్డదే. దేవవ్రతుని వృత్తాంతము వలన మరియొకటి కూడ తెలియుచున్నది: తనకేమి కావలెనో తండ్రి స్పష్టముగా చెప్పనిచోట, బిడ్డ అడుగనిదానిని కూడ కలిపి, తలకు మించిన కానుకను ఇచ్చివేయును.

ఆధునిక సాహిత్యమున ఈ విషయమునకు ప్రేమ్‌చంద్ 1933లో ప్రకటించిన ‘ఈద్‌గాహ్’ కథకంటె తగిన ఉదాహరణము అరుదు. తల్లిదండ్రులను కోల్పోయిన నాలుగైదేండ్ల హామిద్, నాయనమ్మ అమీనా పెంపకమున పెరుగుచు, పండుగనాడు మూడే మూడు పైసలతో సంతకు పోవును; తోడివారు మట్టిబొమ్మలను, మిఠాయిలను కొనుచుండగా, ఇతడు ఇనుపసామానుల అంగడి ముందు నిలిచి, రొట్టెలు కాల్చునప్పుడు నాయనమ్మ వ్రేళ్లు కాలుటను జ్ఞప్తికి తెచ్చుకొని, బేరమాడి పట్టకారు కొనితెచ్చును. పిల్లలకు సాయ మక్కరలేదనువారికి ఇది గట్టి సాక్ష్యముగా తోపవచ్చును. కాని కథను నిదానముగా చదివినచో, హామిద్‌కు లేనిది సలహా మాత్రమే యని తేలును. పొయ్యి దగ్గర ఆమె పడు పాటును దినదినము చూచు అవకాశము అతనికి కలదు. డబ్బును అతని చేతికే ఇచ్చి, ఇది కొనుమని గాని అది కొనవలదని గాని చెప్పక పంపిన పెద్దదిక్కు కలదు. అంతేకాక, బొమ్మలు మట్టివనియు, క్రిందపడినచో పగులుననియు, మిఠాయి తినుట మంచిది కాదనియు తనలో తాను వాదించుకొని, స్వంతకోరికను చల్లార్చుకొనిన పిదపనే అతని దృష్టి పట్టకారుపై నిలిచినది. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథకుడు లోకానుభవము వలన గ్రహించిన దానినే దాదాపు ఎనుబదేండ్ల పిమ్మట శాస్త్రజ్ఞులు మరియొక దారిని కనుగొనిరి.

శాస్త్రజ్ఞుల మాటకు వచ్చినచో, ఈ చర్చకు ఆద్యుడు జెనీవా నగరమున పనిచేసిన జాఁ పియాజే. ఆయనయు బార్బెల్ ఇన్‌హెల్డరును కలిసి చేసిన మూడు కొండల పరీక్షలో, బల్లపై నున్న కొండల నమూనాను బిడ్డకు చూపి, ఆవలి ప్రక్కన నున్న బొమ్మకు ఏమి కనబడుచున్నదని అడిగినప్పుడు, చిన్నవారు తమకు కనబడుదానినే చెప్పిరి. ఎదుటివాని కన్నులతో చూడలేని బిడ్డ ఎదుటివాని కోరికను మాత్రము ఎట్లు ఊహింపగలడు? 1968లో జాన్ ఫ్లావెల్, ఆయన సహచరులు ప్రకటించిన గ్రంథమున కానుకల ఎన్నికయే ఒక పరీక్షగా చోటుచేసికొన్నది: పట్టు మేజోళ్లు, నెక్‌టై, బొమ్మట్రక్కు మొదలగు వస్తువులలో తల్లికి ఏది, తండ్రికి ఏది అని బడియీడు రాని పిల్లల నడిగి చూడగా, మిక్కిలి చిన్నవారు తమకు నచ్చిన ఆటవస్తువులను పెద్దలకు కేటాయించుటయు, వయస్సు పెరిగిన కొలది ఆ పొరపాటు తగ్గుచు వచ్చుటయు కనబడెను.

ఇంతమాత్రము చేత పసిబిడ్డను స్వార్థపరునిగా నిర్ణయించుట తొందరపాటగును. 1997లో బెట్టీ రెపకోలీ, ఆలిసన్ గోప్నిక్ చేసిన ప్రయోగము ఈ విషయమున ప్రసిద్ధము. పెద్దామె ఒకతె బిడ్డ యెదుట బ్రోకలీని తిని ఆనందమును, బిస్కెట్టును తిని వెగటును ముఖమున చూపి, తరువాత చేయి చాచినప్పుడు, పదునాలుగు నెలల బిడ్డలు తమకు ప్రియమైన బిస్కెట్లనే ఇచ్చిరి. పదునెనిమిది నెలల బిడ్డలు తమకు సహింపని బ్రోకలీనే ఆమెకు ఇచ్చిరి. అనగా ఎదుటివారి రుచి తన రుచికంటె వేరుగా నుండవచ్చునను ఎరుక రెండేండ్లు నిండకమునుపే మొలకెత్తుచున్నది. 2012లో లారా ఆక్నిన్, కైలీ హామ్లిన్, ఎలిజబెత్ డన్ ప్రకటించిన పరిశోధనలో, రెండేండ్లు నిండని పిల్లలు తినుబండారమును తాము పుచ్చుకొనునప్పటికంటె ఇతరులకు ఇచ్చునప్పుడు ఎక్కువ సంతోషమును చూపిరనియు, తమ వాటాలోనిది ఇచ్చునప్పుడు అది మరింత హెచ్చెననియు తేలెను. కావున ఇచ్చు బుద్ధికి గాని, ఇష్టభేదమును గుర్తించుటకు గాని బిడ్డయందు కరవు లేదు. మరి మూడేండ్ల బిడ్డ తల్లికి బొమ్మను ఎన్నుకొనుట యెందువలన?

దీనికి సమాధానము 2010లో క్రిస్టినా అటాన్స్, జూలీ బెలాంజే, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ ప్రకటించిన ప్రయోగములలో దొరకుచున్నది. వారు ఎంచుకొన్న విషయము సరిగా మన విషయమే: తల్లి కోరిక తన కోరికకు భిన్నమైనప్పుడు బిడ్డ తల్లికి తగిన కానుకను ఎన్నుకొనగలడా? మూడు, నాలుగేండ్లవారు తడబడిరి. ఐదేండ్లవారు నయముగా ఎన్నుకొనిరి. పిదప మరియొక విధమున పరీక్షించి, ముందుగా బిడ్డకు తాను కోరిన వస్తువు దక్కునట్లు చేసినచో, ఆ తడబడిన మూడేండ్లవారే తల్లికి తగినదానిని ఎన్నుకొనగలిగిరని చూచిరి. నీకును దొరకునని మాట యిచ్చినంత మాత్రమున సైతము కొంత గుణము కనబడెను. తల్లికి ఏది కావలెనో తెలియకపోవుట కాదు బిడ్డకున్న అడ్డంకి. తన కోరిక అరచుచుండగా తల్లి కోరిక వినబడకపోవుట. హామిద్ తనలో వాదించుకొని సాధించినదానిని ఈ పిల్లలకు పెద్దలు తీర్చి యిచ్చిరి. ఇందుండి మనకు దక్కు ఉపదేశము మిక్కిలి సులభమైనది. మూడేండ్ల బిడ్డను అంగడికి తీసికొనిపోవునప్పుడు అమ్మకు ఏది కొందమని మొదటనే అడుగక, ముందు వానికి ఒక చిన్న బొమ్మనో, చాక్లెట్టునో కొనియిచ్చి, ‘నీది అయింది కదా నాన్నా, ఇప్పుడు అమ్మ సంగతి చూద్దాం’ అనుట, నూరు సలహాలకంటె మేలైన సాయము.

గుట్టు విషయమున కూడ ఇట్టిదే యొక వయోధర్మము కలదు. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ ప్రకటించిన పరీక్షలో, బాలుడొకడు దాచిపోయిన చాక్లెట్టును వాడు లేనప్పుడు తల్లి వేరొక చోటికి మార్చును. వాడు తిరిగివచ్చి ఎక్కడ వెదకునని అడిగినప్పుడు, తనకు తెలిసినది ఎదుటివానికి తెలియకపోవచ్చునని గ్రహింపని చిన్నవారు క్రొత్తచోటునే చూపుదురు. నాలుగైదేండ్ల ప్రాంతమున గాని ఈ గ్రహింపు కుదురుకొనదు. కావున ‘అమ్మా, నీకు గాజులు కొన్నామని చెప్పొద్దన్నాడు నాన్న’ అని మూడేండ్ల పిల్ల పరుగెత్తివచ్చి చెప్పినచో అది చాడీయు కాదు, అవిధేయతయు కాదు. ఆ వయస్సున గుట్టుభారమును బిడ్డపై మోపక, కొనిన నాడే ఇప్పించివేయుటయే యుక్తము.

సాయము చేయు పద్ధతిని గూర్చి విద్యాశాస్త్రమున ఒక చక్కని భావన కలదు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనువారు మూడు, నాలుగు, ఐదేండ్ల పిల్లలకు కొయ్యదిమ్మెలతో గోపురము కట్టుట నేర్పుచు, నేర్పరియైన పెద్ద చేయు సాయమును పరంజాతో పోల్చిరి: గోడ లేచువరకు నిలిచి, లేచిన కొలది ఊడదీయబడి, కడకు కట్టడమున తన ఆనవాలు మిగల్చనిదే మంచి పరంజా. అంతకుముందే రష్యా దేశీయుడైన లెవ్ విగోట్‌స్కీ, బిడ్డ ఒంటరిగా చేయగలదానికిని, పెద్దల తోడుతో చేయగలదానికిని నడుమ నున్న మేరయందే బోధ ఫలించునని చెప్పియుండెను. 1939లో మద్రాసులోని అడయారునకు వచ్చి, ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చుచు 1946 వరకు మన దేశముననే గడపిన మరియా మాంటిస్సోరి, బిడ్డ తనంతట చేయగలపనిలో పెద్దలు చేయిపెట్టుట ఎదుగుదలకు అడ్డగించుటయే యని బోధించెను. ఈ మాటలు భిన్నముగా తోచినను సారమున ఒక్కటే. బిడ్డకు అలవిగానిదానిని పెద్ద చేయవలెను, అలవియైనదానిని విడువవలెను. కానుకల విషయమున అలవిగానిది అంగడిలోని వందలాది వస్తువుల రాశి. దానిని మూడు నాలుగింటికి కుదించి ముందుంచుట ఐదేండ్ల లోపువారికి పరంజా. ఆ మూడింటిలో ‘ఇది తీసుకో, ఇదే బాగుంది’ అనుట పరంజా కాదు, గోడను తామే కట్టుట.

ఇక సంఘము ఏర్పరచిన సాయములను చూతము. అమెరికాలో పశ్చిమ వర్జీనియాకు చెందిన అన్నా జార్విస్ తన తల్లి స్మృత్యర్థము 1908 మే 10వ తేదీన గ్రాఫ్టన్ పట్టణపు చర్చిలో ఉత్సవము జరిపించి, తల్లికి ప్రియమైన తెల్లని కార్నేషన్ పువ్వులు ఐదువందలు పంపెను; 1914లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే నెలలోని రెండవ ఆదివారమును మాతృదినముగా ప్రకటించెను. అనతికాలముననే పూల వర్తకులును, శుభాకాంక్షల కార్డులు అచ్చువేయువారును ఆ దినమును తమదిగా చేసికొనగా, స్వహస్తముతో ఉత్తరము వ్రాయుటకు బద్ధకించువారికే అచ్చుకార్డు పనికివచ్చునని జార్విస్ నిరసించి, తాను నెలకొల్పిన పండుగతోనే 1948లో మరణించువరకు పోరాడెను. ఆమె కోపమునకు మూలము డబ్బు ఖర్చగుట కాదు; బిడ్డ చెప్పవలసిన మాటను వర్తకుడు చెప్పివేయుట. పెద్దల సాయము మితిమీరుటకు ఇది వ్యాపార రూపము.

ఫ్రాన్సులో 1950 మే 24వ తేదీ చట్టము తల్లుల పండుగను ఆ నెల చివరి ఆదివారమున నిలిపినది. అచ్చటి శిశుపాఠశాలలలో పిల్లలు గుల్లగా నుండు మాకరోనీ ముక్కలకు రంగులు వేసి, దారమున గ్రుచ్చి తల్లికి హారముగా సమర్పించుట ప్రసిద్ధమైన ఆచారము. పంతులమ్మ చెప్పినట్లు తరగతిలోని వారందరును ఒకే హారము చేయుదురు గనుక ఇందు శ్రమ బిడ్డదే గాని ఎన్నిక లేదు. ఆస్ట్రేలియాలో పెక్కు ప్రాథమిక పాఠశాలల యందు తల్లిదండ్రుల సంఘములు మాతృదినమునకు ముందు బడిలోనే చిన్న దుకాణము పెట్టును. అమెరికాలో డిసెంబరు మాసమున ఇట్టిదే జరుగును. పిల్లలు కొద్దిపాటి డబ్బును కవరులో పెట్టుకొని వచ్చి, ఎవరికెంత యని కవరుపై వ్రాయించుకొని, తమ తల్లిదండ్రులు కంటబడని చోట, వేరొకరి తల్లి సాయముతో కొనుక్కొందురు. వస్తువులు చౌకబారువే కావచ్చును. కాని డబ్బు, మేర, అంగడి పెద్దలు సమకూర్చి, ఎన్నికను బిడ్డకు విడిచిన విధానమిది. సాయమును అంగములుగా విభజించిన యేర్పాట్లలో దీనినే నేను మేలైనదిగా ఎంచుచున్నాను.

తెలుగునాట పరిస్థితి వేరు. మే రెండవ ఆదివారము మన బడులకు వేసవి సెలవులలో పడును. కావున పంతులమ్మ సాయము దాదాపు శూన్యము. జూన్ మూడవ ఆదివారమున వచ్చు తండ్రుల దినమునాటికి బడులు తెరచినను, క్రొత్త పుస్తకముల, యూనిఫారముల హడావిడిలో ఎవరికిని తీరిక యుండదు. సాయపడు భారమంతయు ఇంటి మీదనే పడును, ఇంటిలో సాధారణముగా అక్కమీద పడును. అక్క ఎన్నుకొనును, అక్క డిబ్బీ పగులగొట్టును, అక్క కాగితము చుట్టును. తమ్ముళ్ల పేర్లు మాత్రము పైన చేరును. ఇది ముచ్చటగా కనబడినను, తమ్ముళ్లు తల్లిని గమనించు అభ్యాసమును ఇక్కడనే కోల్పోవుచున్నారనియు, నలుబదేండ్లు వచ్చిన పిదప కూడ అక్కకో భార్యకో ఫోను చేసి ‘అమ్మకేం కొనాలి?’ అని అడుగుట ఇక్కడనే మొదలగుచున్నదనియు నా అభిప్రాయము.

ఎన్నికకు ముందు చేయదగిన సాయమెట్టిదో ఒక్క వస్తువుతో నిరూపింపవచ్చును. ఎనిమిదేండ్ల పిల్ల తల్లికి గాజులు కొనవలెనని నిశ్చయించినది. హైదరాబాదు లాడ్‌బజారుకే పోనిండు, ఊరిలోని ఫ్యాన్సీ షాపునకే పోనిండు, అంగడివాడు మొదట అడుగునది సైజు. 2-4, 2-6, 2-8 అను ఆ కొలతలు పిల్లకు తెలియవు. తల్లిని అడిగినచో గుట్టు బయటపడును. ఇచ్చట తండ్రియో, నాయనమ్మయో చేయవలసిన సాయము, ‘అమ్మ పాతగాజు ఒకటి తీసుకుని వెళ్లు తల్లీ’ అని చెవిలో చెప్పుట. రంగు ఏదియో, మట్టిగాజులో రాళ్లగాజులో, డజనో అరడజనో, ఆ నిర్ణయములను పిల్ల చేయవలెను. తల్లి ఏ రంగు చీరలు ఎక్కువగా కట్టునో తెలియనిచో బీరువా తెరచి చూడుమనుట సాయము. ఆకుపచ్చవి తీసుకోమనుట ఆక్రమణ. అట్లే తండ్రికి చెప్పులైనచో పాతజోడు అడుగున నున్న అంకెను చూపుట సాయము. బేరమాడుట, చిల్లర లెక్క చూచుకొనుట, నచ్చనిచో మార్పిడి చేయుదురా యని అడుగుట, వీనిని కూడ నేర్పవచ్చును. ఇవి ఎన్నికకు బలమిచ్చునే గాని దాని చోటు ఆక్రమింపవు.

డబ్బును గూర్చిన ఆక్షేపణకు ఇచ్చటనే సమాధానము చెప్పవలసియున్నది. డబ్బు తండ్రిదే యనుట నిజమే. కాని తిరునాళ్లలో ఖర్చుపెట్టుకొమ్మని యిచ్చిన డబ్బులో కొంత మిగిల్చి, కోటప్పకొండ నుండి తల్లికి కుంకుమభరిణె తెచ్చిన బిడ్డ, జీడి తినలేదు, రంగులరాట్నము ఎక్కలేదు. ఆ మానుకొనినది తండ్రి ఇచ్చినది కాదు. కావున కానుకకై ప్రత్యేకముగా డబ్బు చేతిలో పెట్టుటకంటె, ముందుగా కొద్దికొద్దిగా ఇచ్చి, దాచుటయో ఖర్చుచేయుటయో బిడ్డకు విడుచుట మేలు. దాచుకొనుటకు డబ్బు లేని యిండ్లలో బిడ్డ చేతిపనియో, ఒకనాటి అంట్లు తోముటయో కానుక కాగలదు. తల్లి యొక్కతెయే, లేక తండ్రి యొక్కడే పెంచుచున్న యింట రెండవ చేయి లేదు గనుక, పిన్నియో, మేనత్తయో, పొరుగింటి ఆమెయో పూనుకొని, ఒక గంటసేపు ఆ బిడ్డను బజారుకు తీసికొనిపోవుట, చూచుటకు అల్పమైనను, ఆ యింటికి చేయదగిన మేలైన ఉపకారములలో ఒకటి.

అర్థశాస్త్రజ్ఞులు ఈ విషయమునకు మరియొక దిక్కునుండి వచ్చిరి. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్, యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులను ప్రశ్నించి, క్రిస్మస్ కానుకల వెలలో పదింట ఒకవంతు మొదలు మూడింట ఒకవంతు వరకు, పుచ్చుకొనువారి దృష్టిలో వ్యర్థమగుచున్నదని లెక్కగట్టెను. ఆ లెక్క పెద్దలు పిన్నలకు ఇచ్చినవానిని కూడ కలిపి వేసినదే గాని, పసివాడు తల్లికిచ్చు గాజులకు వర్తింపదు. గాజులు బిగువైనను ఆ తల్లికి నష్టమేమియు లేదు. కాని ఎదిగిన సంతానము విషయమున దీనిని త్రోసివేయరాదు. 2011లో ఫ్రాన్సెస్కా జీనో, ఫ్రాన్సిస్ ఫ్లిన్ చూపిన దేమనగా, అడుగకయే ఊహించి ఇచ్చుట గొప్పయని ఇచ్చువారు తలపోయుదురు గాని, పుచ్చుకొనువారు తాము కోరినదానినే ఎక్కువగా మెచ్చుకొందురు. 2016లో జెఫ్ గాలక్, జూలియన్ గివీ, ఎలనార్ విలియమ్స్ చెప్పినదియు దీనికి తోడు: ఇచ్చువారి దృష్టి కాగితము విప్పు క్షణముమీద, పుచ్చుకొనువారి దృష్టి ఆ తరువాత వాడుకొను దినములమీద నుండును.

మన యిండ్లలో ఈ చిక్కు మరింత ముదిరియున్నది. డల్లాస్ నుండియో, న్యూజెర్సీ నుండియో కుమారుడు ఫోను చేసి, ‘నాన్నా, నీకేం పంపమంటావు?’ అని అడుగును. ‘నాకెందుకురా ఇప్పుడు, మీరు చల్లగా ఉంటే చాలు’ అని తండ్రి చెప్పును. ఆ మాట ప్రేమతో నిండినదే. కాని కుమారునికి అందులో ఎట్టి సమాచారమును లేదు. శంతనుని కుమారునివలె ఆరా తీయుటకు వానికి వృద్ధమంత్రియును లేడు. ఫలితముగా ఖరీదైన యంత్రమొకటి వచ్చి, అట్టపెట్టెతోనే బీరువాపైకి ఎక్కును. తల్లికి తెచ్చిన పట్టుచీర ‘ఎవరి పెళ్లికైనా పెట్టడానికి పనికొస్తుంది’ అని పెట్టుబడి చీరల దొంతిలో చేరును; మరుసటి ఏట మేనకోడలి వంటిమీద దానిని చూచిన కూతురు చిన్నబోవును. ఇచ్చట సాయము కావలసినది ఎదిగిన బిడ్డలకే, చేయవలసినది పుచ్చుకొను తల్లిదండ్రులే. రాత్రి లేచినప్పుడు గదిలో చీకటిగా నున్నదనియో, ఫోనులో అక్షరములు కనబడుట లేదనియో, కాశీకి పోవలెనని యున్నదనియో నోరు విడిచి చెప్పుట యాచన కాదు. ఆరేండ్ల బిడ్డకు తల్లిని ప్రతిదినము చూచు భాగ్యము కలదు. నలుబదియారేండ్ల బిడ్డకు అది లేదు. కావున వయస్సు పెరిగిన కొలది సాయము తగ్గిపోవునను సామాన్యాభిప్రాయము సగము మాత్రమే నిజము.

ఎన్నిక జరిగిన పిదప చేయదగిన సాయము స్వీకరించుట. కానుక అందిన వెంటనే ‘ఎంత పెట్టి కొన్నావు? మోసపోయావు’ అనుట, మరునాడే అంగడికి పంపి మార్పించుట, చుట్టముల యెదుట నవ్వులపాలు చేయుట, ఇవి మరుసటి ఏటి ఎన్నికను నేడే చంపివేయును. అట్లని అబద్ధమాడనక్కరలేదు. కొలత చాలని గాజులను చూచి, ‘రంగు నాకెంత ఇష్టమో ఎలా తెలిసిందే నీకు? ఈసారి కొలతకు నా గాజు పట్టుకెళ్లు’ అను తల్లి, మెప్పును పాఠమును ఒక్క వాక్యమున ఇచ్చినది.

ఈ పరిశీలనమంతటి వలన తేలినది ఇది. మూడేండ్ల లోపున ఇచ్చు సంతోషమును రుచి చూపుట చాలును, వస్తువు ఏదైనను ఒకటే. మూడు మొదలు ఐదేండ్ల వరకు స్వంతకోరికను తీర్చి, మేరను కుదించి యిచ్చుట అవసరము. ఆరు మొదలు పదేండ్ల వరకు కొలత, డబ్బు, అంగడి త్రోవ తెలియజెప్పుట అవసరము. ఆ మీదట అడిగినప్పుడు మాత్రమే చెప్పుట మర్యాద. రెక్కలు వచ్చి ఎగిరిపోయినవారికి మరల సాయము కావలెను, ఈసారి తల్లిదండ్రుల నోటినుండియే. సాయము సరిపోయినదో మించినదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు: కానుక అందుకొన్నవారు బిడ్డను ‘ఇదే ఎందుకు తెచ్చావు?’ అని ప్రేమతో అడుగవలెను. ‘నాన్న కొనమన్నాడు’ అన్నచో సాయము మించినది. ‘నాకు నచ్చింది’ అని మూడేండ్లవాడన్నచో వాని వయస్సునకు అది తగినదే. పదేండ్లవాడన్నచో సాయము చాలలేదు, వానికి తల్లిని గమనించుట ఇంకను నేర్పవలసియున్నది. ‘నువ్వు పొద్దున్నే నీళ్లు పట్టేటప్పుడు కాలు జారుతోంది కదా, అందుకని ఈ చెప్పులు’ అన్నచో, ఆ చెప్పుల కొలత తప్పినను, రంగు నచ్చకున్నను, చేయవలసిన సాయమంతయు సక్రమముగా జరిగినట్లే యెంచి, వచ్చు ఏట పెద్దలు ఇంకొక అడుగు వెనుకకు తగ్గవచ్చును.